ఊఁ, చెప్పండి

"ఎలా చెప్పావక్కా?" అన్నాడు తమ్ముడు బ్యాంకు మెట్ల దగ్గర కూడా, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ. ఎలా చెబుతారు, నోటితోనే చెబుతారు, ఇంకెలా చెబుతారు అనుకుంది టేపక్క. పైకి అనేలోపు వాడు కారు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. వెళుతూ వెళుతూ "లోపల కూర్చో, నేనొచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడకు, నేను చూపించిన చోట తప్ప సంతకం పెట్టకు" అని చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పి మరీ వెళ్ళాడు. వాడి లాగు జారిపోతుంటే గుండీ కుట్టి బడికి పంపింది ఎవరట, సరే, ఆ పాత పురాణం ఇప్పుడెందుకు, ఇనుప కుర్చీ చల్లగా ఉంది, మూడు కుర్చీలు ఒకే కడ్డీకి బిగించారు, అటు చివర పెద్దాయన కాలు ఊపితే ఇటు చివర తనూ ఊగాలి, ఇలాంటి కుర్చీ ఎవడు కనిపెట్టాడో కానీ తమ్ముడు ఈరోజు రాయించబోయే కార్డు కూడా అచ్చం ఇలాంటిదే. వాడి కార్డుకి తోకలా ఇంకో కార్డు. దాని మీద పేరు తనదే ఉంటుందట, కొన్నప్పుడల్లా వచ్చే ఓటీపీ మాత్రం వాడి ఫోన్‌కి పోతుందట. అంటే దారం రీళ్ళు కొనాలన్నా, జిప్పులు కొనాలన్నా ముందు వాడికి ఫోన్ చేయాలి, వాడు మీటింగులో ఉంటే ఆగాలి, ఎందుకు ఏమిటి అని అడిగితే సంజాయిషీ చెప్పుకోవాలి, అప్పుడు వాడు అంకె చెబితే తను వినాలి. ఇన్నేళ్ళుగా అంకెలు చెప్పింది తను, రాసుకుంది లోకం. సేఫ్‌గా ఉంటావక్కా, అన్నాడు. బీరువాలో మడతపెట్టిన కోటు కూడా సేఫ్‌గానే ఉంటుంది, పురుగు పట్టేదాకా.

టేపక్క అనేది వీధి పెట్టిన పేరు. తమ్ముడికి ఆ పేరంటే ఒళ్ళు మంట, తనకు మాత్రం ముద్దు. మెడలో టేపు లేకుండా తనను చూసినవాళ్ళు లేరు, ఇప్పుడు కూడా ఉంది, బ్యాంకుకి వస్తూ తీసేయమన్నాడు వాడు, తీయలేదు. ఆ టేపు అంచులు నలిగిపోయాయి, మొదటి అంగుళం మీద అంకె ఎప్పుడో చెరిగిపోయింది, అయినా ఒకటి ఎక్కడుందో వేలికి తెలుసు. షాపులో ఇద్దరే, తను, చెల్లెలు. తను కొలుస్తుంది, చెల్లెలు రాస్తుంది. చెల్లెలు వీపు తిప్పుకుని కత్తిరింపు బల్ల దగ్గర నిలబడుతుంది, తను మనిషి చుట్టూ తిరుగుతూ భుజం పదిహేను అంటుంది, ఊఁ అంటుంది చెల్లెలు, ఛాతీ ముప్పై నాలుగు, ఊఁ, నడుము ముప్పై, ఊఁ, ఒకరి మొహం ఒకరు చూసుకునే పని లేదు. ఊఁ అంటే కాగితం మీద పడిందని. ఊఁ వినిపించకపోతే తన నోరు అక్కడే ఆగిపోతుంది, వినిపిస్తే తర్వాతి అంకె దానంతటదే జారుతుంది, మిషన్ తొక్కుతుంటే గుడ్డ జరిగినట్టు. ఇద్దరూ మాటల్లేకుండా అలిగి ఉన్న రోజుల్లో కూడా ఆ ఊఁ మాత్రం ఆగలేదు. ఇంట్లో చెల్లెలు ఏదో ఆలోచిస్తూ ఊఁ అంటే తన నోట ఏదో ఒక అంకె వచ్చేసి ఇద్దరూ పడిపడి నవ్విన రోజులున్నాయి. ఆ నవ్వులాటే చివరికి కొంప ముంచింది. ఎలా చెప్పావు అంటే, ఇదీ జవాబు. ఈ జవాబు తమ్ముడికి చెబితే వాడు చెల్లెలి వైపు తిరిగి, చూశావా, వయసు మీద పడుతోంది అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. వయసు మీద పడటం కాదురా, పని ఒంట్లో పడటం.

బళ్ళు తెరిచే ముందు రోజులవి, యూనిఫాంలు కొండలా పేరుకున్నాయి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక పిల్ల గౌను అంచు మడుస్తోంది, ఫోన్ మోగింది. సూదులు తీసి అరచేతిలో పోసుకుంది. అదే తప్పు, తీయకుండా ఉంటే ఎంత బాగుండేది. వాడి గొంతు బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి, చుట్టాల గొంతు. పేరు పెట్టి పిలిచాడు, కార్డు మీది చివరి అంకెలు వాడే చదివాడు, ఇవే కదా మేడం అన్నాడు, అవునంది. మీ కార్డు మీద ఎవరో ఖరీదైన ఫోన్లు కొంటున్నారు మేడం, ఈ క్షణంలోనే, ఆపమంటారా అన్నాడు. ఆపండి బాబూ అంది, ఎవరైనా అదే అంటారు, ఇల్లు తగలబడుతోంది నీళ్ళు పోయమంటారా అంటే వద్దనేదెవరు. కంగారు పడకండి, నేనున్నాను కదా, ఫోన్ మాత్రం పెట్టేయకండి, పెడితే నా చేతిలో లేదు. నిప్పు పెట్టినవాడే బిందె పట్టుకొచ్చాడని ఆ క్షణంలో తోస్తుందా. మీకొక నంబరు వచ్చింది చూడండి, అది రద్దు నంబరు అన్నాడు. రద్దు నంబరట. ఆ మెసేజిలోనే కింద ఎవరికీ చెప్పవద్దని రాసి ఉంది, కళ్ళజోడు నెత్తి మీద ఉంది, అంకెలు పెద్దవి కాబట్టి కనిపించాయి, మాటలు చిన్నవి కాబట్టి కనిపించలేదు. ఊఁ, చెప్పండి, అన్నాడు. అంతే. ఒక్కో అంకెకీ ఊఁ, ఊఁ, ఊఁ, అచ్చం చెల్లెలిలాగే, తొందర లేకుండా, పడింది ఇంకోటి చెప్పు అన్నట్టు, తన నోరు తన అనుమతి లేకుండా నడిచిపోయింది. చివరి అంకె అయ్యాక మాత్రం ఊఁ రాలేదు. ఫోన్ చెవికి పెట్టుకుని ఆ ఊఁ కోసం ఎదురుచూసింది పిచ్చిది, గౌను పిల్ల బల్ల మీద నిలబడి కాళ్ళు నొప్పులంటున్నా వినకుండా. ఆ చివరి ఊఁ రాకపోవడంతోనే అర్థమైంది. కుట్టుపని తెలిసినవాడెవడూ ఆఖరి కొలతకు ఊఁ అనడం మరిచిపోడు.

తర్వాత ఏం చేయాలో అది చేసింది. ఏడవలేదు. కార్డు వెనక రాసి ఉన్న నంబరుకి ఫోన్ చేసి కార్డు ఆపించింది, ఫిర్యాదు ఇచ్చింది, పోలీసుల దగ్గరా రాయించింది. ఆ రోజు కుట్టాల్సిన యూనిఫాంలు ఆ రోజే కుట్టింది, కాజాలు చెల్లెలికిచ్చి తను గుండీలు పట్టుకుంది. పోయింది తన కష్టమే, తనే కష్టపడి పూడ్చుకుంటుంది, అది కాదు బాధ. పరామర్శలు బాధ. వచ్చినవాళ్ళంతా ఎలా చెప్పావు అనేవాళ్ళే, వాడు ఎలా అడిగాడు అన్నది ఒక్కరూ అడగలేదు. ఇంట్లో దొంగ పడితే తలుపు ఎందుకు పెట్టావమ్మా, తలుపు ఉంటేనే కదా తెరుస్తారు అన్నట్టుంది వరస. దొంగ చేతికి దొరకడు, టేపక్క దొరికింది, ఉతకండి. మందుల షాపాయన వచ్చి చేతులు కాలాక ఆకులెందుకమ్మా అని నీతి చెప్పి, చెల్లెలు అటు తిరగ్గానే గొంతు తగ్గించి, పార్సిలు ఆగిపోయింది, చిరునామా సరిచేయండి అని మెసేజి వస్తే తనూ ఆ లింకు నొక్కి కార్డు నంబరు కొట్టేశానని, ఇంట్లో ఇప్పటికీ తెలియదని చెప్పుకున్నాడు. లెక్కల మేష్టారు ప్యాంటు అంచులు మడిపించుకుంటూ తన సంగతి చెప్పాడు, కార్డు పాయింట్లు ఈరోజుతో మురిగిపోతాయి, అంకె చెప్పి బహుమతి తీసుకోండి అన్నారట, చెప్పాడట. ఇంతమంది నోట్లో ఈ ముల్లు ఉంది, ఒక్కడూ బయటికి కక్కడు. సిగ్గు. వాళ్ళ సిగ్గే ఆ దొంగలకు పెట్టుబడి. నలుగురికీ ఎందుకు చెప్పుకుంటున్నావక్కా, పరువు పోతుంది అన్నాడు తమ్ముడు. ఎవరి పరువురా? దొంగతనం చేసినవాడికి లేని సిగ్గు నాకెందుకు, దాన్ని కొలిచి కత్తిరించి నా ఒంటికే ఎందుకు కుట్టించుకోవాలి?

చెప్పింది, వచ్చినవాళ్ళందరికీ చెప్పింది, కొలతలు తీసుకుంటూ చెప్పింది, చేతులు పైకెత్తి నిలబడ్డ మనిషి ఎక్కడికి పోతాడు, వినాల్సిందే. ఫోన్ పెట్టేయొద్దన్నాడంటే పెట్టేయమని అర్థం అని చెప్పింది. ఎవరికీ చెప్పకండి అన్నాడంటే పక్కమనిషిని పిలవమని అర్థం. ఇప్పుడే, ఈ క్షణమే అన్నాడంటే కూర్చుని మంచినీళ్ళు తాగమని అర్థం. నీ కార్డు నంబరులో నాలుగంకెలు వాడికి తెలిసినంత మాత్రాన వాడు మీ మేనమామ కాడు. వీధి చివర ఆసుపత్రిలో పనిచేసే నర్సు చంక కొలత దగ్గర కితకితలంటూ నవ్వుతూ విన్నది కాస్తా, తర్వాత ట్రయల్‌కి వచ్చి, అక్కా, నాకూ వచ్చింది ఫోను, నీ కార్డు లిమిట్ పెంచుతాం అన్నాడు, అంకె చెప్పమన్నాడు, నువ్వు గుర్తొచ్చి పెట్టేశాను అంది. ఆ మాటకు టేపక్కకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నర్సు చూడకుండా భుజం దగ్గర మడత సరిచేసింది. తమ్ముడు దీన్ని లెక్కలోకి తీసుకోడు. వాడి లెక్కలో అక్క అంటే ఒకసారి మోసపోయిన మనిషి, అంతే. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు, ఫోన్ చేసేవాడు ఉన్నాడని నా కార్డు తీసేస్తాడట.

అసలు ఆ కార్డు ఎలా వచ్చిందో వాడికి తెలుసా. మొదటిసారి అడిగితే ఇదే బ్యాంకులో, కౌంటరు మారింది కానీ ఇదే హాలు, మీ ఇంట్లో మగవాళ్ళు ఎవరైనా ఉంటే రమ్మనండి అన్నాడు అప్పటి ఉద్యోగి. ఇంట్లో ఉన్న మగవాళ్ళ ప్యాంట్లు కుట్టేది నేనే అంది తను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వచ్చింది, చివరికి ఇచ్చారు. కవరు చింపి చూస్తే కార్డు మీద తన పేరు, టేపక్క కాదు, అసలు పేరు, పొంగిన అక్షరాలతో, కళ్ళు మూసుకుని వేలితో తడిమితే తెలిసేటట్టు. పెళ్ళి పత్రిక మీద కూడా తన పేరు తప్పుగా పడింది, కార్డు మీద సరిగ్గా పడింది. దాంతో మొదట కొన్నది కరెంటు మిషన్. కాళ్ళతో తొక్కే మిషన్ మీద చెల్లెలి మోకాళ్ళు అరిగిపోతున్నాయని కొన్నది. ఆ రోజు చెల్లెలు పాత మిషన్ చక్రాన్ని ఆఖరిసారి చేత్తో ఒక చుట్టు తిప్పింది. ఇప్పుడు తమ్ముడు కాగితాలు జిరాక్సు తీయించుకుని వస్తాడు, ఇక్కడక్కా అని వేలు పెట్టి చూపిస్తాడు, వాడు చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు, చెడ్డవాడైతే తిట్టి పంపేది. ప్రేమగా అడుగుతాడు. ప్రేమగా అడిగినవాడికి కాదనడం ఎలాగో తనకు ఇంకా సరిగ్గా రాదు. దొంగ కూడా ప్రేమగానే అడిగాడు కదా.

ఫోన్ మోగింది. కొత్త నంబరు. తీయకూడదనుకుంటూనే తీసింది, షాపు ఫోన్ తీయకపోతే ఎలా. నమస్కారం మేడం, బ్యాంకు హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీరిచ్చిన ఫిర్యాదు గురించి, అంది ఒక మగ గొంతు. వేరే గొంతు, కానీ అదే చుట్టరికం. టేపక్క తలెత్తి చూసింది. బ్యాంకు మొత్తం ఎదురుగానే ఉంది, కౌంటరు దగ్గర కళ్ళద్దాల అమ్మాయి, మేనేజరు గది, స్టాంపులు కొట్టే ఆయన, ఎవరి చెవి దగ్గరా ఫోన్ లేదు. శుభవార్త మేడం, పోయిన మీ డబ్బు మీకు వాపసు వస్తోంది, ఈ రోజే ఆఖరు, మీకొక నంబరు వచ్చింది చూడండి, అది చెబితే ఖాతాలో పడిపోతుంది, లైనులోనే ఉండండి, ఎవరికీ చెప్పకండి, దొంగలు తిరుగుతున్నారు. దొంగలు తిరుగుతున్నారట, తెలిసినవాడే చెప్పాడు. ఒకసారి ఉన్ని కత్తిరించిన గొర్రెకి మళ్ళీ పెరిగిందేమో చూసుకోవడానికి వచ్చారు. నవ్వొచ్చింది, కోపమొచ్చింది, రెండింటి మధ్యనుంచి ఇంకొకటి కూడా వచ్చింది, అదే భయంకరమైనది, ఒకవేళ నిజమేనేమో అన్న ఆశ, తిరిగొస్తే తమ్ముడి మొహాన కొట్టొచ్చు, ఎలా చెప్పావు అన్న వాళ్ళందరి నోళ్ళూ మూతబడతాయి, కార్డు తన దగ్గరే ఉంటుంది. మెసేజి టింగుమంది. ఈసారి కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. ఆరంకెలు, కింద చిన్న అక్షరాలు, ఎవరికీ చెప్పవద్దు. చదివింది. చదివినా సరే, ఊఁ, చెప్పండి మేడం, అన్నాడు వాడు, అనగానే మొదటి అంకె నాలుక చివరికి వచ్చి నిలబడింది, అరిచి చెప్పాలన్నంత ఊపు, ఊఁ విన్నాక అంకె చెప్పకుండా ఆగడం ఈ ఒంటికి తెలియదు. కాలర్‌కి ఎప్పుడూ ఒక గుండుసూది ఉంటుంది. దాన్ని పీకి పెదాల మధ్య పెట్టుకుంది.

సూది నోట్లో ఉంటే మాట రాదు, ఇన్నేళ్ళ అలవాటు అది కూడా. ఒక అలవాటు మీదికి ఇంకో అలవాటును తోలింది. వాడు ఊఁ అన్నాడు, హలో అన్నాడు, మేడం వినిపిస్తోందా అన్నాడు, టైమైపోతోంది అన్నాడు, గొంతులో చుట్టరికం తగ్గుతూ వచ్చింది, కేసవుతుంది అని కూడా అన్నాడు. సూది చల్లగా, కొద్దిగా ఇనుము రుచిగా ఉంది. నాలుక చివర నిలబడ్డ అంకె వెనక్కి నడిచి గొంతులోకి దిగిపోయింది. ఆశ కూడా దాంతోపాటు దిగింది, కష్టంగానే దిగింది. పెట్టేస్తే సరిపోయేది. షాపుకొచ్చిన వాళ్ళకు తను చెప్పేది అదే, పెట్టేయండి, మాట్లాడకండి. కానీ ఇన్ని రోజులుగా లోపల ఒకటి మరుగుతోంది. సూది తీసి కాలర్‌కి గుచ్చుకుంది, గొంతు సవరించుకుంది, రాసుకో బాబూ అంది. వాడు రాసుకున్నాడు. మూడు అంది, ఊఁ అన్నాడు. ఆరు, ఊఁ. రెండు, ఊఁ. నాలుగు, ఊఁ. ఒకటి, ఊఁ. ఏడు అనేసరికి వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఫోన్ లాక్కుంది.

"అక్కా! మళ్ళీనా? మళ్ళీ చెప్పేశావా?"

హాలంతా ఇటు తిరిగింది. తమ్ముడి చంకలో జిరాక్సు కాగితాలు, మొహం పాలిపోయింది, చిన్నప్పుడు నీళ్ళకుండ పగలగొట్టినప్పటి మొహం. వాడి చేతిలోని ఫోన్‌లోంచి సన్నగా వినిపిస్తోంది, మేడం, తప్పని చూపిస్తోంది, మళ్ళీ చూసి చెప్పండి, మేడం. తమ్ముడు ఆ మాట విన్నాడు, అక్క వైపు చూశాడు. టేపక్క ఫోన్ తీసుకుంది.

"తప్పు కాదు నాయనా, వంక పెట్టలేని కొలతలవి. కాకపోతే నీవి కావు" అని పెట్టేసింది.

"ఎవరివి?" అన్నాడు తమ్ముడు.

"నీవేరా. ఛాతీ ముప్పై ఆరు, చెయ్యి పొడవు ఇరవై నాలుగు, భుజం పదిహేడు. నీ మొదటి ఉద్యోగానికి కుట్టిన కోటు. ఇప్పుడైతే అందులో నీ ఒక్క చెయ్యి దూరుతుంది."

వాడు తన భుజం తడుముకున్నాడు. ఆ కోటు గుర్తొచ్చినట్టుంది, కోటు గుర్తొస్తే దాన్ని కుట్టిన ఇల్లు గుర్తురాక తప్పదు, ఇంటర్వ్యూకి వెళ్ళబోయే ముందు గుమ్మంలో నిలబెట్టి దారం కొసను పళ్ళతో తెంపిన అక్క గుర్తురాక తప్పదు. మరి నిజం అంకె, అన్నాడు చివరికి, మెల్లగా. ఇక్కడే ఉంది అని గొంతు చూపించింది టేపక్క. పైన బోర్డు మీద తన టోకెన్ నంబరు వెలిగింది. తమ్ముడు అలవాటుగా కాగితాలు సర్దుకుని పద అన్నాడు, అని ముందడుగు వేశాడు. ఇప్పుడు ప్రేమగా అడిగినవాడికి కాదని చెప్పాలి, దొంగకు చెప్పినంత సులువు కాదు, అయినా నోరు వేడి మీద ఉంది, ఇప్పుడు చెప్పకపోతే మళ్ళీ చెప్పలేదు.

"నువ్వు రావొద్దు. ఆ కుర్చీలో కూర్చో. నేనొచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడకు."

కూర్చున్నాడు. కూర్చోగానే అటు చివర పెద్దాయన కాలు ఊపాడు, తమ్ముడు ఊగాడు. టేపక్క మెడలో టేపు సరిచేసుకుని కౌంటరు దగ్గరికి నడిచింది, దొంగ ఫోన్ వచ్చిన నంబరు తెరిచి కళ్ళద్దాల అమ్మాయి ముందు పెట్టింది, ముందు దీని మీద ఫిర్యాదు తీసుకోండి, తర్వాత నాకు కొత్త కార్డు కావాలి, నా ఒక్కదాని పేరు మీద, ఓటీపీ నా ఫోన్‌కే రావాలి అంది. ఆ అమ్మాయి మంచిది, అలాగేనండి అని నవ్వి, ఖాళీ కాగితం ముందుకు లాక్కుని, పెన్ను పట్టుకుని, మీ ఫోన్ నంబరు అంది. ఊఁ, చెప్పండి, అంది.

నోరు తెరుచుకోబోయింది. టేపక్క చెయ్యి చాపింది.

"చెప్పను. ఆ కాగితం, పెన్ను ఇలా ఇవ్వమ్మా. నేనే రాస్తాను."